టీవీలో పడిన జంట

భూపేష్ జీపు మా ఫోటో స్టూడియో ముందర ఆగేసరికి నేను టీవీ వైరు పీకి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇప్పుడు పీకి ఏం లాభం? నిన్న సాయంత్రం నుంచి వేంపల్లెలో సగం మంది ఫోన్లలో తిరుగుతున్న ఫోటో, వైరు పీకితే వెనక్కి వస్తుందా? అయినా చేతులు ఊరుకోవు కదా, పీకాను.

జీపు వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళ మధ్య అరుణ్ కుమార్ ఇరుక్కుని కూర్చున్నాడు. అరుణ్ మా చర్చి పిల్లవాడు. బస్టాండు పక్కన రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. ఒంటి మీద తెల్లకోటు అలాగే ఉంది, అంటే పని మధ్యలో లేపుకొచ్చారన్నమాట. ముఖం మీద దెబ్బలేమీ కనిపించలేదు. ఇంకా కొట్టలేదు అనుకున్నాను.

భూపేష్ అంటే చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, లారీలు ఉన్న ఇంటివాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు గానీ, తండ్రి పోయాక ఆ ఇంటి పెత్తనమంతా అతనిదే. ఒక్కతే చెల్లెలు, శివాని. తిరుపతిలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, ఈ రోజు సాయంత్రం బస్సెక్కాల్సిన పిల్ల. ఆ పిల్లను గదిలో పెట్టి గొళ్ళెం వేశారని, సర్దిన పెట్టె మళ్ళీ విప్పేశారని పొద్దున పాలు పోసే భీమక్క చెప్పింది. ఆ పిల్ల బస్సెక్కుతుందా లేదా, అరుణ్ ఆ జీపులోంచి నడిచి దిగుతాడా లేదా అన్నది ఇప్పుడు నా నోట్లోంచి వచ్చే మాటను బట్టి ఉంది.

నా తప్పేమిటో ముందే చెప్పేస్తాను. నాన్చడం నాకు చేతకాదు.

మా చర్చిలో ఏటా దంపతుల కూటం జరుగుతుంది. పెళ్ళయిన ప్రతి జంటకూ ఆ రోజు ఒక ఫోటో ఫ్రేము ఇస్తారు. చుట్టూ పూలతీగ, కింద బంగారు రంగులో ‘ఆదర్శ దంపతులు’ అన్న అక్షరాలు. ఆ పని నాదే. అయితే మావాళ్ళతో ఒక తంటా ఉంది. చర్చిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చుని అలవాటైన ప్రాణాలు. నలుగురు పిల్లల్ని కన్నవాళ్ళు కూడా కెమెరా ముందు భుజం భుజం ఆనించి నిలబడమంటే సిగ్గుతో చచ్చిపోతారు. “విడివిడిగా తియ్యి రత్నమణీ, కలిపేది నువ్వే కలుపుకో” అంటారు. ముందు ఆయన కుర్చీలో కూర్చుని దిగుతాడు. ఆయన లేచి బయటికి పోయాక ఈమె వచ్చి అదే కుర్చీలో కూర్చుంటుంది. తర్వాత నేను ఇద్దరి వెనకున్న తెర కత్తిరించి, పక్కపక్కన అతికించి, ఫ్రేము వేయాలి. అలా వందకు దగ్గర జంటలు. చేసిందే చేసి చేసి నా కళ్ళు గుంటలు పడేవి.

కడపలో ఆల్బములు ప్రింటు చేసే ఒకాయన నా గోడు విని ఉపాయం చెప్పాడు. ఫోటోషాప్‌లో ఒక జంటకు చేసే పనంతా ఒక్కసారి చేసి రికార్డు చేసి పెట్టుకోవాలి. దాన్ని యాక్షన్ అంటారు. ఆయన ఇచ్చిన చిన్న ప్రోగ్రామొకటి దానికి తగిలిస్తే, ఏ ఫోల్డరు చూపిస్తే ఆ ఫోల్డరులోని ఫోటోలను రెండేసి తీసుకుని, తెర కత్తిరించి, మొదటి మనిషిని ఎడమకు, రెండో మనిషిని కుడికి పెట్టి, ఫ్రేము వేసి దాచిపెడుతుంది. మనం చేయాల్సింది ఫోల్డరు చూపించడం ఒక్కటే. ఆ ఒక్కటీ నేను తప్పు చూపించాను.

నిన్న సాయంత్రం స్త్రీల కూటానికి ఆలస్యమవుతోందన్న హడావిడిలో, దంపతుల ఫోల్డరు అనుకుని పాస్‌పోర్టు ఫోటోల ఫోల్డరు చూపించాను. కంప్యూటరు మిషన్‌ను దాని పాటికి వదిలి, అద్దం తలుపుకు తాళం వేసి చర్చికి పోయాను. తయారైన ఫ్రేములు వాటంతటవే షాపు ముందరి టీవీలో తిరిగేలా కూడా నేనే పెట్టుకున్నాను, నలుగురూ చూసి ఆర్డర్లిస్తారని. టీవీకి ఎదురుగా బస్సు కోసం నిలబడే జనం. నేను అక్కడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఇక్కడ మిషన్ ఆ నెలలో పాస్‌పోర్టు ఫోటో దిగిన వాళ్ళందరికీ పెళ్ళిళ్ళు చేసేసింది. అందులో ఒక ఫ్రేములో ఎడమ పక్క అరుణ్, కుడి పక్క శివాని. ఎవడో పుణ్యాత్ముడు ఆ ఒక్కదాన్నే ఫోన్లో పట్టి గ్రూపుల్లో వదిలాడు.

భూపేష్ లోపలికి వచ్చాడు. వెనకాలే అతని తల్లి నాగలక్ష్మమ్మ. ఆమెను కారులో పోతుంటే చూడడమే గానీ మా షాపు గడప తొక్కగా నేనెన్నడూ చూడలేదు. లోపలికి రాగానే గోడకున్న నిలువుటద్దాన్ని ఇంకో గది అనుకుని అటు రెండడుగులు వేసి, తన ముఖం తనకే కనబడి ఆగిపోయింది. తర్వాత బెంచీ కొసన కూర్చుంది.

భూపేష్ ఫోను నా ముఖం ముందర పెట్టాడు. “ఏమక్కా, ఇది నీ షాపులో చేసిందేనా?”

“నా షాపులోనే అప్పా. కానీ ఎవరూ చేయించింది కాదు. మిషన్ కలిపింది. తప్పు నాది.”

“మిషన్‌కు మా చెల్లెలు యాడ తెలుసు?”

“దానికి ఎవరూ తెలీదు. అదే చెప్తాండా.”

“కతలొద్దు. ఇద్దరూ వచ్చినారు, ఫోటో దిగినారు, ఫ్రేము కట్టించుకున్నారు. మీ చర్చి పిల్లోడని నువ్వు దాస్తాండావు. నిజం చెప్తే నీ జోలికి రాను. వాని సంగతి నేను చూసుకుంటా.”

అతను అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. భయంతో పాటే కోపమూ వచ్చింది. నా కోపం సంగతి మా వీధిలో కుక్కలకు కూడా తెలుసు.

“అన్నీ చూపిస్తా, చూసినాక మాట్లాడు” అని వైరు మళ్ళీ తగిలించాను.

టీవీలో ఫ్రేములు తిరగడం మొదలుపెట్టాయి. టీ అంగడి గోపన్న పక్కన, పోలీసు ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్న మీసాల పిల్లవాడు. ఆదర్శ దంపతులు. టైలరు మహాదేవమ్మ పక్కన మా భీమక్క. ఆదర్శ దంపతులు. పింఛను కోసం దిగిన ముసలి పుల్లన్న పక్కన ఆయన సొంత కొడుకు. జీపు డ్రైవరు బొజ్జన్న తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఫక్కుమన్నాడు. భూపేష్ వెనక్కి తిరిగి చూసేసరికి నోరు మూసుకున్నాడు.

“ఇవన్నీ నువ్వు పొద్దున కూచోని చేసినవి కావని ఏం నమ్మకం? ఇప్పుడు చెయ్యి, నా కండ్ల ముందర.”

“చేస్తా. పోయి ఆ కుర్చీలో కూచో.”

కూర్చున్నాడు. ఒక ఫోటో తీశాను. తర్వాత బొజ్జన్నను పిలిచి కూర్చోబెట్టి ఇంకొకటి తీశాను. రెండూ కొత్త ఫోల్డరులో వేసి, మిషన్‌కు చూపించి, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాను, నేనేమీ ముట్టుకోవడం లేదని తెలియాలని. కంప్యూటరు తెర మీద బొమ్మలు వాటంతటవే కదిలాయి, వాళ్ళ వెనకున్న తెర ఊడిపోయింది, ఇద్దరూ దగ్గరికి జరిగారు. కాసేపటికి టీవీలో ఎడమ పక్క భూపేష్, కుడి పక్క ఇంత పొట్టేసుకుని బొజ్జన్న, చుట్టూ పూలతీగ, కింద ‘ఆదర్శ దంపతులు’.

ఇతను చెయ్యెత్తుతాడో, టీవీ పగలగొడతాడో నాకు అర్థం కాలేదు. అద్దం తలుపుకు ముఖాలు ఆనించి బయట జనం చూస్తున్నారు. భూపేష్ టీవీ వైపు చూశాడు, బొజ్జన్న వైపు చూశాడు, ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. బయట జనం కూడా నవ్వారు. జీపులో అరుణ్ మొదటిసారి తలెత్తాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో నోరు మూసుకుని ఉండాల్సింది.

“బలే ఉండాదే ఇది” అన్నాడు భూపేష్, కళ్ళు తుడుచుకుంటూ. “అయితే దీనికెట్ల తెలుస్తాది, ఎవరి పక్కన ఎవర్ని పెట్టాలని?”

“దానికేం తెలుసప్పా? వచ్చిన వరసే. ముందు నువ్వు దిగినావు, నీ వెనకాలే బొజ్జన్న దిగినాడు. ఒకరెనకాల ఒకరొస్తే ఇద్దర్నీ కలిపేస్తాది” అని గొప్పగా చెప్పాను.

చెప్పిన తర్వాత గానీ ఆ మాట నా చెవిన పడలేదు. భూపేష్ నవ్వు ఆగిపోయింది.

“అంటే మా చెల్లెలు, వాడు, ఒకరెనకాల ఒకరు వచ్చినారు.”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు ముందు అరుణ్ కుర్చీలో కూర్చున్నాడు. బెంచీ మీద శివాని ఉంది. ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు, ఎవరో ఏమో అన్నట్టే ఉన్నారు. నేను కెమెరా సరిచేసుకుంటుంటే ఆ పిల్ల తన మెడ మీద వేలు పెట్టి సైగ చేసింది. వెంటనే అరుణ్ మడతపడిన కాలరు సర్దుకున్నాడు. ఆ రోజు చూసి కూడా నాకు ఏమీ తట్టలేదు. ఫోటోకు కాలరు సరిగ్గా వచ్చిందని సంతోషపడ్డాను, అంతే. ఇప్పుడు తట్టింది. మిషన్ తప్పుగా కలిపిందని ఇంతసేపూ వాదించాను. అది తప్పు చేయలేదు. మా చర్చి జంటలు ఎలా వచ్చి దిగుతారో వీళ్ళూ అలాగే వచ్చి దిగారు, అది అలాగే కలిపింది.

“అంగడన్నాక ఎవరెనకాల ఎవరో వస్తారప్పా. ఆ పొద్దు జనం శానా మంది ఉండారు” అన్నాను.

“ఫోటో మీద టైముంటాది కదా. చూపించు.”

“ఆ కెమెరాలో టైము సరిగ్గా లేదు.”

“ఇప్పుడు నన్ను తీసినావు కదా. అది తీసి చూపించు, సరిగ్గా ఉండాదో లేదో తెలుస్తాది.”

తెలివైనవాడు. చూపించాను. సరిగ్గానే ఉంది. అతనే బల్ల దాటి వచ్చి నా పక్కన నిలబడి మౌసు అందుకున్నాడు. అరుణ్ ఫోటోకూ శివాని ఫోటోకూ మధ్య రెండు నిమిషాల తేడా. వాళ్ళకు ముందు చాలాసేపు ఎవరూ లేరు. వాళ్ళ తర్వాత కూడా చాలాసేపు ఎవరూ లేరు. జనం శానా మంది ఉండారన్న నా అబద్ధం కూడా అందులోనే తేలిపోయింది.

“షాపులో వీళ్ళిద్దరే ఉండారు” అన్నాడు భూపేష్. గొంతు మళ్ళీ మొదట్లోలా నెమ్మదైపోయింది. నా వైపు చూడలేదు. అద్దం తలుపులోంచి జీపు వైపు చూస్తూ జేబులోంచి ఫోను తీశాడు. జీపులో ఉన్న ఇద్దరిలో ఒకడు తన ఫోను చూసుకుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఇద్దరేంటికి? నేనుండ్లా?”

బెంచీ మీంచి నాగలక్ష్మమ్మ అనిన మాట అది. షాపులోకి వచ్చాక ఆమె నోరు తెరవడం అదే మొదలు.

భూపేష్ ఫోను కిందికి దించాడు. “ఏమ్మా?”

“పాపను ఈడికి పిల్చుకొచ్చింది నేనేరా. హాస్టలుకు ఫోటోలు అడిగినారంటే వచ్చినాం. నువ్వు లారీ టైర్లకని కడపకు పోయింటివి ఆ పొద్దు. ఎవరో పిల్లోడు దిగి పోయినాడు, తర్వాత పాప దిగింది, ఇంటికొచ్చేసినాం. ఆ పిల్లోడు వీడో ఇంకొకడో, నేను మొగం చూళ్ళా.”

“నాకు చెప్పలేదే.”

“ఫోటో దిగేది కూడా నీకు చెప్పి దిగాల్నా?”

గొంతు ఎక్కడా తడబడలేదు. కానీ చెంగు కింద ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. కొడుకు నిలబడిన చోటికి అవి కనిపించవు, నాకు కనిపిస్తున్నాయి.

భూపేష్ నా వైపు తిరిగాడు. “మా అమ్మ వచ్చిందా ఆ పొద్దు?”

అబద్ధమాడడం పాపమని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేది నేనే. “వచ్చింది” అన్నాను. “ఆ బెంచీ మీదే కూచుంది.”

“ఏం చీర కట్టుకోనుండె?”

నాగలక్ష్మమ్మ తల వంచుకుంది. ఆమె ఏదో సైగ చేసినా అతను పట్టేసేవాడు. నా బుర్రలో ఒక్క రంగు కూడా రాలేదు. ఏ రంగు చెప్పినా అతను ఇంటికి పోయి బీరువా తెరిచి చూసే రకం. అటు జీపులో ఆ మనిషి ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు, చెప్పు అన్నట్టు ఇటే చూస్తున్నాడు.

దేవుడు ఎందుకిచ్చాడో తెలియదనుకున్న నా కోపం అప్పుడు పనికొచ్చింది.

“చీరా?” అని గట్టిగా అరిచాను. “బెంచీ మీద కూచున్నోళ్ళు ఏం చీర కట్టినారు, ఏం చెప్పులేసినారని చూసేదే నా పనా? కన్నతల్లి నీ ఎదురుగా కూచోని నోరు తెరిచి చెప్తాంటే, ఆమె మాట నిజమా కాదా అని ఫోటోలు తీసేదాన్ని, నన్ను అడుగుతాండావా? ఊరంతా అద్దానికి అతుక్కోని వింటాంది. ముందు మీ అమ్మను నమ్మేది నేర్చుకో, ఆ తర్వాత మీ చెల్లెల్ని నమ్ముదువు.”

అతని మెడ నరం ఒకటి కొట్టుకుంటోంది. నన్ను కొడతాడనే అనుకున్నాను. కొడితే కొట్టనీ, వెనక్కి తగ్గేది లేదు అని బల్ల గట్టిగా పట్టుకున్నాను. బయట ఎవరో “అమ్మ చెప్తాంది కదప్పా” అన్నారు. భూపేష్ అటు చూశాడు. తర్వాత తల్లిని చూశాడు. ఆమె ఇప్పుడు తల ఎత్తి సూటిగా అతన్నే చూస్తోంది. ఆ చూపు ముందు అతను ఆగలేకపోయాడు.

ఫోను చెవికి పెట్టుకుని, “వాన్ని దించేయండి” అన్నాడు.

తర్వాత అన్నీ చకచకా చెప్పాడు. అరుణ్, శివాని ఉన్న ఫ్రేమును తన ముందర తీసేయాలి. తనదీ బొజ్జన్నదీ ఉన్న ఫ్రేము సాయంత్రం దాకా టీవీలో తిరగాలి, గ్రూపుల్లో తనే పెడతాడు, మిషన్ పని అని జనానికి అర్థం కావాలి. సరే సరే అంటూ అన్నీ చేశాను. తీసేసిన ఫ్రేము చెత్తబుట్టలోంచి కూడా పోయిందాకా నిలబడి చూశాడు.

“పాపకు సాయంత్రం బస్సు ఉండాది” అంది నాగలక్ష్మమ్మ.

“బస్సొద్దు. నేనే పోయి దించొస్తా” అన్నాడు భూపేష్. నమ్మాడో, నమ్మినట్టు ఉండక తప్పదనుకున్నాడో నాకు తెలియలేదు. బొజ్జన్నను తీసుకుని బయటికి పోయి జనాన్ని చెదరగొట్టడం మొదలుపెట్టాడు.

నాగలక్ష్మమ్మ లేవలేదు. నీళ్ళిచ్చాను. సగం గ్లాసు తాగి పక్కన పెట్టింది.

“నిన్న దాని పెట్టె సర్దుతాంటే ఆ పిల్లోని ఫోటో అగపడింది, చిన్నది” అంది. “బియ్యం డబ్బాలో దాచిపెట్టినా. అడగాలంటే నోరు రాలేదు. ఇంతలో టీవీలో ఇది పడె.”

అద్దం అవతల అరుణ్ జీపు పక్కనే నిలబడి ఉన్నాడు. ఎటు పోవాలో తెలియనట్టు ఉన్నాడు. తెల్లకోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

“ఎట్లాంటోడు మే, ఆ పిల్లోడు?”

ఒక అబద్ధం అప్పటికే ఆడాను, ఈమెతో ఇంకొకటి ఆడబుద్ధి కాలేదు. “మంచోడే అమ్మా. తాగుడు లేదు, పనిమంతుడు. కాకుంటే పిరికోడు. అంత సేపు జీపులో కూచున్నాడు, ఒక్క మాట మాట్లాడింటే చూడు” అన్నాను. నాకు నిజంగానే వాడి మీద ఒళ్ళు మండుతోంది.

ఆమె చాలాసేపు వాడినే చూసింది. బయట భూపేష్ హారను మోగించాడు. బెంచీ మీద చెయ్యి ఆనించి లేచింది.

“పిరికోడైతే ఏమి?” అంది చెంగు సర్దుకుంటూ. “ఆ ఇంట్లో ధైర్యమున్నోళ్ళతోనే కదా మే, పెండ్లయిన కాన్నుంచి నేను ఏగుతాండేది.”